నోవా వెబ్‌స్టర్

నోవా వెబ్‌స్టర్ (అక్టోబరు 16, 1758 – మే 28, 1843) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఉపాధ్యాయుడు, పాఠ్యపుస్తక రచయిత, పాత్రికేయుడు, నిఘంటుకర్త. ఆంగ్ల పదాలను బ్రిటన్‌లో ఒక విధంగానూ, అమెరికాలో మరొక విధంగానూ రాయడానికి ముఖ్య కారకుడిగా ఇతడు ప్రసిద్ధుడు. ఇతడు రచించిన వర్ణక్రమ పుస్తకం ఒక శతాబ్దానికి పైగా అమెరికన్ బాలబాలికలకు అక్షరాభ్యాస గ్రంథంగా ఉపయోగపడింది. 1828లో వెలువడిన ఇతని బృహన్నిఘంటువు ఆంగ్ల నిఘంటు చరిత్రలో ఒక మైలురాయి. అమెరికాలో గ్రంథస్వామ్య చట్టాల కోసం కృషి చేసిన తొలి రచయితలలో వెబ్‌స్టర్ ఒకడు. అతడు ప్రతిపాదించిన వర్ణక్రమ సంస్కరణలలో కొన్ని స్థిరపడ్డాయి, మరికొన్ని అపహాస్యానికి గురై కనుమరుగయ్యాయి. ఏవి నిలిచాయి, ఏవి నిలవలేదు అన్నది ఆంగ్ల భాష నేర్చుకొనే విద్యార్థులకు ఆసక్తికరమైన విషయం.

బాల్యం, విద్యాభ్యాసం

వెబ్‌స్టర్ కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ పట్టణపు పశ్చిమ భాగంలో జన్మించాడు. ఆ ప్రాంతాన్నే నేడు వెస్ట్ హార్ట్‌ఫర్డ్ అంటారు. తండ్రి పేరు కూడా నోవా వెబ్‌స్టరే. ఆయన వ్యవసాయదారుడు; నేతపని కూడా చేసేవాడు. తల్లి మెర్సీ స్టీల్. తండ్రి పూర్వీకులలో ఒకరు కనెక్టికట్‌కు, తల్లి పూర్వీకులలో ఒకరు ప్లిమత్‌కు గవర్నర్లుగా పనిచేశారు. వంశానికి పేరున్నా కుటుంబం మాత్రం సామాన్యమైనది.

కుమారుని చదువుపట్ల ఆసక్తిని గమనించిన తండ్రి తన పొలాన్ని కుదువపెట్టి, 1774లో అతనిని న్యూ హేవెన్‌లోని యేల్ కళాశాలలో చేర్పించాడు. మరుసటి సంవత్సరమే అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ప్రారంభమైంది. ఆహార కొరత వల్లా, యుద్ధ భయం వల్లా తరగతులు తరచు నిలిచిపోయేవి. ఆ ఒడిదుడుకుల మధ్యనే వెబ్‌స్టర్ 1778లో పట్టభద్రుడయ్యాడు. ఇంటికి తిరిగి వచ్చిన కుమారునికి తండ్రి ఎనిమిది డాలర్ల కాగితపు నోటును ఇచ్చి, ఇకపై స్వశక్తి మీదనే బ్రతకాలని చెప్పాడు. యుద్ధకాలంలో ఆ నోట్ల విలువ బాగా పడిపోయి ఉంది. కుదువపెట్టిన పొలాన్ని ఆ తండ్రి తరువాతి కాలంలో విడిపించుకోలేకపోయాడు.

ఆ నిరాశలో వెబ్‌స్టర్ కొన్నాళ్ళు గదిలోనే ఉండి ఆంగ్ల పండితుడు శామ్యూల్ జాన్సన్ వ్యాసాలను చదివాడు. 1755లో ప్రసిద్ధ ఆంగ్ల నిఘంటువును ప్రచురించినవాడు ఈ జాన్సనే. వెబ్‌స్టర్ తరువాత ఆ నిఘంటువునే తన కృషికి పోటీగా ఎంచుకున్నాడు. న్యాయశాస్త్రం చదవాలనే కోరిక ఉన్నా చేతిలో ధనం లేనందున అతడు పాఠశాలలలో బోధిస్తూనే చదువు సాగించాడు. హార్ట్‌ఫర్డ్‌లో ఆలివర్ ఎల్స్‌వర్త్ అనే న్యాయవాది ఇంట కొంతకాలం ఉన్నాడు. ఈ ఎల్స్‌వర్త్ తరువాతి కాలంలో అమెరికా సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. 1781లో వెబ్‌స్టర్ న్యాయవాదిగా అర్హత పొందాడు కానీ, యుద్ధం వల్ల వ్యాజ్యాలు తక్కువగా ఉండడంతో ఆ వృత్తిలో రాణించలేదు.

ఉపాధ్యాయ వృత్తి

వెబ్‌స్టర్ గ్లాస్టన్‌బరీ, హార్ట్‌ఫర్డ్ మొదలైన చోట్ల బోధించాడు. 1781లో షారన్ అనే ఊరిలో సొంతంగా పాఠశాల ప్రారంభించాడు కానీ అది త్వరలోనే మూతపడింది. 1782లో న్యూయార్క్ రాష్ట్రంలోని గోషెన్ గ్రామంలో మరొక పాఠశాలను తెరిచాడు.

ఆనాటి అమెరికన్ పాఠశాలల స్థితి దయనీయంగా ఉండేది. వేర్వేరు వయసుల పిల్లలను ఒకే గదిలో కిక్కిరిసి కూర్చోబెట్టేవారు. పాఠ్యపుస్తకాలు ఇంగ్లండు నుండి వచ్చినవో, వాటిని చూసి ముద్రించినవో అయి ఉండేవి. వాటిలో థామస్ డిల్‌వర్త్ అనే ఆంగ్లేయుడు రచించిన వర్ణక్రమ పుస్తకం ఎక్కువగా వాడుకలో ఉండేది. అందులో ఇంగ్లండు ఊర్ల పేర్లను పాఠాలుగా ఇచ్చేవారు. అమెరికన్ బాలుడు తన చుట్టుప్రక్కల ఉన్న ఊరి పేరు రాయడం నేర్చుకోకుండా, ఎన్నడూ చూడని దేశపు గ్రామాల పేర్లను వల్లె వేయవలసి వచ్చేది. రాజకీయంగా స్వతంత్రమైన దేశం చదువులో మాత్రం ఇంగ్లండుపై ఆధారపడి ఉండడం వెబ్‌స్టర్‌కు బాధ కలిగించింది. గోషెన్‌లో పాఠాలు చెబుతూనే అతడు కొత్త పుస్తకం రచన ప్రారంభించాడు.

నీలి అట్ట పుస్తకం

వెబ్‌స్టర్ రచించిన ఎ గ్రమాటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది ఇంగ్లీష్ లాంగ్వేజ్ అనే మూడు భాగాల గ్రంథంలో మొదటి భాగం 1783లో హార్ట్‌ఫర్డ్‌లో ముద్రితమైంది. ఇది వర్ణక్రమ పుస్తకం. రెండవ భాగమైన వ్యాకరణం 1784లోనూ, మూడవ భాగమైన వాచకం 1785లోనూ వెలువడ్డాయి. మొదటి భాగానికి 1787లో ది అమెరికన్ స్పెల్లింగ్ బుక్ అనీ, 1829లో ది ఎలిమెంటరీ స్పెల్లింగ్ బుక్ అనీ పేర్లు మారాయి. అట్ట నీలిరంగులో ఉండడం వల్ల ప్రజలు దీనిని నీలి అట్ట పుస్తకం అని పిలిచేవారు.

ఈ పుస్తకంలోని ప్రత్యేకతలు:

* పదాలను ఉచ్చారణను అనుసరించి విడగొట్టడం. డిల్‌వర్త్ పద్ధతిలో క్లస్టర్ అనే పదాన్ని క్లూ-స్టర్ అన్నట్లు విడదీసేవారు. వెబ్‌స్టర్ దానిని క్లస్-టర్ అని, పలికే తీరులోనే విడదీశాడు.
* నేషన్, మిషన్ వంటి పదాల చివరనున్న ధ్వనిని రెండు పదాంశాలుగా కాక ఒకే పదాంశంగా చూపడం.
* తేలిక పదాలతో మొదలుపెట్టి క్రమంగా కఠిన పదాలకు వెళ్ళడం.
* అమెరికాలోని రాష్ట్రాలు, పట్టణాల పేర్లను పాఠాలుగా ఇవ్వడం.
* ఒకే ఉచ్చారణ ఉండి, రాతలోనూ అర్థంలోనూ తేడా గల పదాల పట్టికను చేర్చడం.

చివరి అంశం ఉపాధ్యాయుడిగా వెబ్‌స్టర్‌కు గల అనుభవాన్ని తెలుపుతుంది. బలిపీఠం అనే అర్థం గల ఆల్టర్‌లో చివరి అచ్చు 'ఎ'; మార్చు అనే అర్థం గల ఆల్టర్‌లో అది 'ఇ'. చెవికి రెండూ ఒకటే. ఇటువంటి జంటలను పక్కపక్కన ఉంచి, ఒక్కొక్కదాని అర్థాన్ని క్లుప్తంగా చెప్పడం వల్ల పిల్లలు తేడాను కంటితో గుర్తుపట్టగలిగేవారు. పొరపడడానికి వీలున్న పదాలను జంటలుగా నేర్పే ఈ పద్ధతి నేటి వ్యాకరణ పుస్తకాలలో కూడా కనిపిస్తుంది.

1890 నాటికి ఈ పుస్తకం సుమారు 6 కోట్ల ప్రతులు అమ్ముడైనట్లు అంచనా. ఊరూరా పదాల పోటీలు జరగడానికి ఈ పుస్తకమే ఆధారమైంది. అయితే ప్రతి పుస్తకానికి వెబ్‌స్టర్‌కు లభించింది ఒక సెంటు కంటే తక్కువ. దానితోనే అతడు కుటుంబాన్ని పోషించుకుంటూ నిఘంటు నిర్మాణం సాగించాడు.

బానిసత్వంలో పుట్టి, తరువాత గొప్ప వక్తగా, రచయితగా పేరుపొందిన ఫ్రెడరిక్ డగ్లస్ కూడా ఈ పుస్తకం ద్వారానే రాయడం నేర్చుకున్నాడు. బానిసకు చదువు చెప్పడాన్ని యజమానులు సహించని కాలం అది. బాల్టిమోర్‌లో ఉండగా ఈ పుస్తకంలోని వాలు అక్షరాలను చూడకుండా రాయగలిగేవరకు మళ్ళీ మళ్ళీ దిద్దినట్లు డగ్లస్ 1845లో ప్రచురించిన తన ఆత్మకథలో తెలిపాడు.

గ్రంథస్వామ్యం కోసం కృషి

వెబ్‌స్టర్ తొలి పుస్తకం సిద్ధం చేసేనాటికి అమెరికాలో రచయితల హక్కులను కాపాడే చట్టం లేదు. ఎవరైనా ఇతరుల పుస్తకాన్ని ముద్రించి అమ్ముకోవచ్చు. వెబ్‌స్టర్ 1782 నుండి రాష్ట్ర శాసనసభలకు అర్జీలు పెట్టుకుంటూ తిరిగాడు. 1783లో కనెక్టికట్ గ్రంథస్వామ్య చట్టం చేసింది. ఇతర రాష్ట్రాలలోనూ అటువంటి చట్టాల కోసం 1785లో దక్షిణాది రాష్ట్రాలలో పర్యటించాడు. ఆ ప్రయాణంలోనే మౌంట్ వెర్నన్‌లో జార్జ్ వాషింగ్టన్‌ను కలుసుకున్నాడు. 1790లో దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది. దాని ప్రకారం హక్కు 14 సంవత్సరాలు ఉండేది. రచయిత జీవించి ఉంటే మరో 14 సంవత్సరాలు పొడిగించుకోవచ్చు.

ఈ గడువును పెంచాలని కోరుతూ వెబ్‌స్టర్ డెబ్భై రెండేళ్ళ వయసులో, 1830-31 శీతాకాలంలో వాషింగ్టన్ నగరానికి వెళ్ళి అక్కడే మకాం వేశాడు. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఇతనిని విందుకు ఆహ్వానించాడు. ప్రతినిధుల సభా మందిరంలో ఇతడు ఉపన్యసించాడు. 1831 చట్టం మొదటి గడువును 28 సంవత్సరాలకు పెంచింది. ఈ బిల్లును ముందుకు నడిపించిన సభ్యుడు విలియం ఎల్స్‌వర్త్, వెబ్‌స్టర్ అల్లుడు. యౌవనంలో తనకు ఆశ్రయమిచ్చిన ఆలివర్ ఎల్స్‌వర్త్ కుమారుడే ఇతడు.

ఆంగ్ల వర్ణక్రమంలో గందరగోళానికి కారణాలు

వెబ్‌స్టర్ సంస్కరణలను అర్థం చేసుకోవాలంటే ఆంగ్లంలో ఉచ్చారణకూ రాతకూ పొంతన ఎందుకు లేదో తెలియాలి. తెలుగులో పలికినట్లే రాస్తాము. ఆంగ్లంలో ఆ సౌలభ్యం లేకపోవడానికి కొన్ని చారిత్రక కారణాలు ఉన్నాయి.

* 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి పద్ధతి అలవాటైన లేఖకులు ఆంగ్ల పదాలను తమ రీతిలో రాశారు.
* 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం నెలకొల్పాడు. ముద్రణ వల్ల రాత క్రమంగా స్థిరపడసాగింది. కానీ దాదాపు అదే కాలంలో దీర్ఘాచ్చుల ఉచ్చారణ మారిపోతూ వచ్చింది. నైట్, నైఫ్ వంటి పదాలలో ఒకప్పుడు పలికిన అక్షరాలు పలకడం మానివేసినా రాతలో మిగిలిపోయాయి.
* లాటిన్ మూలాన్ని చూపాలనే ఉత్సాహంతో పండితులు కొన్ని పదాలలో అదనపు అక్షరాలు చేర్చారు. అప్పు అనే అర్థం గల డెట్‌లోని 'బి' అటువంటిదే. ద్వీపం అనే అర్థం గల ఐలండ్‌లోని 'ఎస్' పొరపాటు పోలిక వల్ల చేరింది.

జాన్సన్ నిఘంటువు ఈ రాతలలో చాలా వాటికి ప్రామాణికత కల్పించింది. 1783లో వెబ్‌స్టర్ కూడా జాన్సన్ మార్గాన్నే అనుసరించాడు. హానర్, ఫేవర్ వంటి పదాలలో 'యు' అక్షరాన్ని వదిలివేసేవారిని అప్పట్లో ఇతడు విమర్శించాడు కూడా. తరువాతి కాలంలో ఆ మార్పునే దేశమంతటా వ్యాపింపజేశాడు.

వర్ణక్రమ సంస్కరణలు

వెబ్‌స్టర్ అభిప్రాయం మారడానికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ ప్రభావం ఒక కారణం. ఫ్రాంక్లిన్ 1768లోనే కొత్త అక్షరాలతో ఒక ధ్వన్యనుసార లిపిని రూపొందించాడు. వెబ్‌స్టర్ కొత్త అక్షరాలను అంగీకరించలేదు. ఉన్న అక్షరాలతోనే అనవసరమైనవాటిని తొలగిస్తే చాలునని భావించాడు. 1789లో ప్రచురించి ఫ్రాంక్లిన్‌కు అంకితమిచ్చిన డిసర్టేషన్స్ ఆన్ ది ఇంగ్లీష్ లాంగ్వేజ్ గ్రంథంలో ఈ వాదాన్ని వివరించాడు. సులభమైన రాత వల్ల పిల్లలకు శ్రమ తగ్గుతుందని, పేదవాడు కూడా శుద్ధంగా రాయగలుగుతాడని, వేర్వేరు రాష్ట్రాల ప్రజలు ఒకే భాషతో ఒకే జాతిగా నిలుస్తారని ఇతని ఆశయం.

ఇతని నిఘంటువుల ద్వారా అమెరికాలో స్థిరపడిన ముఖ్యమైన మార్పులు:

* కలర్, హానర్, లేబర్, ఫేవర్ వంటి పదాల చివర 'ఓ-యు-ఆర్' బదులు 'ఓ-ఆర్' రాయడం. లాటిన్ మూలంలో 'యు' లేదు. ఎర్రర్, యాక్టర్ వంటి పదాలు అప్పటికే 'ఓ-ఆర్'తో ముగుస్తున్నాయి.
* సెంటర్, థియేటర్ వంటి పదాల చివర 'ఆర్-ఇ' బదులు 'ఇ-ఆర్' రాయడం. ఫ్రెంచి నుండి వచ్చిన నంబర్, ఛాంబర్ వంటి పదాలు ఆంగ్లంలో ముందే ఇలా మారాయి.
* డిఫెన్స్, అఫెన్స్ పదాలలో 'సి' బదులు 'ఎస్' రాయడం. వీటి నుండి పుట్టిన డిఫెన్సివ్, అఫెన్సివ్ పదాలలో 'ఎస్' ఉండడమే ఇందుకు ఆధారం.
* మ్యూజిక్, పబ్లిక్ వంటి పదాల చివరి 'కె' తొలగించడం. మ్యూజికల్, పబ్లికేషన్ పదాలలో ఆ అక్షరం లేదు. బ్రిటన్ కూడా ఈ మార్పును పాటించింది.
* ట్రావెలర్ వంటి పదాలలో ఒకే 'ఎల్' రాయడం. ఊనిక చివరి పదాంశంపై ఉన్నప్పుడే హల్లును ద్విత్వం చేయాలని వెబ్‌స్టర్ నియమం. బిగిన్ అనే పదంలో ఊనిక చివర ఉన్నందున బిగినింగ్‌లో రెండు 'ఎన్'లు వస్తాయి. ట్రావెల్‌లో ఊనిక మొదట ఉన్నందున రెండవ 'ఎల్' అవసరం లేదు.
* ప్రాక్టీస్ అనే పదాన్ని నామవాచకంగానూ, క్రియగానూ 'సి'తోనే రాయడం. బ్రిటిష్ పద్ధతిలో నామవాచకానికి 'సి', క్రియకు 'ఎస్' వాడతారు. ఉచ్చారణలో తేడా లేనప్పుడు రాతలో తేడా ఎందుకని ఇతడు ప్రశ్నించాడు. నోటీస్ అనే పదానికి రెండు సందర్భాలలోనూ ఒకే రూపం ఉండడాన్ని ఉదాహరణగా చూపాడు.
* చెరసాల అనే అర్థం గల జైల్‌ను 'జె'తో మొదలుపెట్టడం, వ్యాగన్‌లో ఒకే 'జి' రాయడం, నాగలి అనే అర్థం గల ప్లౌ పదాన్ని నాలుగు అక్షరాలకు కుదించడం.

వీటిలో చాలా రూపాలు వెబ్‌స్టర్ సృష్టించినవి కావు. ఇంగ్లండులోనే అక్కడక్కడ వాడుకలో ఉన్న రెండు రూపాలలో సరళమైనదాన్ని, నియమానికి ఒదిగేదాన్ని అతడు ఎంచుకున్నాడు. ఇతని పుస్తకంతో చదువు నేర్చిన తరాలకు అవే సహజమైన రూపాలయ్యాయి.

విఫలమైన ప్రతిపాదనలు

వెబ్‌స్టర్ ప్రతిపాదనలన్నీ విజయవంతం కాలేదు. స్త్రీలు అనే అర్థం గల విమెన్ పదాన్ని పలికినట్లే 'డబ్ల్యు-ఐ-ఎం-ఎం-ఇ-ఎన్' అనీ, నాలుక అనే అర్థం గల టంగ్ పదాన్ని 'టి-యు-ఎన్-జి' అనీ రాయాలన్నాడు. సూప్‌లో రెండు 'ఓ'లు, మెషీన్‌లో రెండు 'ఇ'లు ఉండాలన్నాడు. డిటర్మిన్, ఇమాజిన్ పదాల చివరి 'ఇ'ని తొలగించాడు. 1790లో తన వ్యాసాల సంపుటిలో కొంత భాగాన్ని ఈ కొత్త రాతలోనే అచ్చువేయించాడు. పాఠకులు దానిని ఆమోదించలేదు. పత్రికలు ఎగతాళి చేశాయి. ప్రజలకు అలవాటైన రూపాన్ని ఒక్కసారిగా మార్చడం సాధ్యం కాదని గ్రహించిన వెబ్‌స్టర్ తరువాతి నిఘంటువులలో చాలావరకు వెనక్కు తగ్గాడు.

ఉచ్చారణను మాత్రమే ఆధారం చేసుకున్న మార్పులు విఫలమయ్యాయి. సంబంధిత పదాలతో పోలిక, అంతకుముందే ఉన్న వాడుక ఆధారంగా చేసిన మార్పులు నిలిచాయి.

పత్రికా రచన, ఇతర వ్యాసంగాలు

వెబ్‌స్టర్ 1787లో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ ఒక కరపత్రం రచించాడు. 1793 డిసెంబరులో న్యూయార్క్‌లో అమెరికన్ మినర్వా అనే దినపత్రికను ప్రారంభించి ఫెడరలిస్టు పక్షాన్ని సమర్థించాడు. 1799లో అంటువ్యాధుల చరిత్రను రెండు సంపుటాలుగా ప్రచురించాడు. ఆ కాలంలో పచ్చజ్వరం అమెరికా నగరాలను పట్టి పీడించేది. ఆ వ్యాధి దోమల వల్ల వ్యాపిస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. వెబ్‌స్టర్ కూడా స్థానిక వాతావరణం, అపరిశుభ్రతలే కారణమని భావించాడు.

కనెక్టికట్, మసాచుసెట్స్ రాష్ట్రాల శాసనసభలలో సభ్యుడిగా పనిచేశాడు. 1821లో ఏమ్‌హెర్స్ట్ కళాశాల స్థాపనలో పాలుపంచుకున్నాడు. 1791లో కనెక్టికట్‌లో ఏర్పడిన బానిసత్వ నిర్మూలన సంఘపు స్థాపక సభ్యులలో ఇతడు ఒకడు. అయితే 1830లలో ఊపందుకున్న బానిసత్వ వ్యతిరేక ఉద్యమాన్ని ఇతడు విమర్శించాడు. వయసుతోపాటు అతని రాజకీయ భావాలు సంప్రదాయం వైపు మొగ్గాయి.

నిఘంటు నిర్మాణం

1800లో వెబ్‌స్టర్ అమెరికన్ నిఘంటువును రచించనున్నట్లు ప్రకటించాడు. ఆంగ్ల భాష ఇంగ్లండు సొత్తు అని భావించేవారు ఈ ప్రకటనను పత్రికలలో పరిహసించారు. 1806లో సుమారు 37,000 పదాలతో ఎ కంపెండియస్ డిక్షనరీ ఆఫ్ ది ఇంగ్లీష్ లాంగ్వేజ్ వెలువడింది. మరుసటి సంవత్సరమే అతడు బృహన్నిఘంటువు పని ప్రారంభించాడు.

మొదటి రెండు అక్షరాల పదాలకు అర్థాలు రాసిన తరువాత పదాల పుట్టుక తెలియకుండా ముందుకు సాగడం సరికాదని భావించి, పనిని ఆపివేశాడు. సుమారు పది సంవత్సరాలు వివిధ భాషల పదాలను పోల్చి చూడడంలో గడిపాడు. అర్ధవృత్తాకారపు బల్లపై అనేక భాషల నిఘంటువులను వరుసగా పేర్చుకుని, ఒక చివర నుండి మరొక చివరకు నడుస్తూ ఒక్కొక్క పదాన్ని పరిశీలించేవాడు. సంస్కృతంతో సహా ఇరవైకి పైగా భాషలను ఇందుకోసం పరిశీలించాడు.

ఖర్చు తగ్గించుకోవడానికి 1812లో న్యూ హేవెన్ నుండి మసాచుసెట్స్‌లోని ఏమ్‌హెర్స్ట్‌కు మకాం మార్చాడు. 1822లో తిరిగి వచ్చాడు. అమెరికాలో లభించని గ్రంథాల కోసం 1824లో కుమారుడు విలియంతో కలిసి ఐరోపా వెళ్ళాడు. పారిస్ రాజ గ్రంథాలయంలోనూ, తరువాత ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలోనూ పనిచేశాడు. 1825 జనవరిలో కేంబ్రిడ్జిలో చివరి పదానికి అర్థం రాసి ముగించాడు. ఆ క్షణంలో చేయి వణికి కలం పట్టుకోలేకపోయినట్లు, కొద్దిసేపు గదిలో నడిచి తేరుకున్నట్లు తరువాత తెలిపాడు. అప్పటికి అతని వయసు 66 సంవత్సరాలు.

ఇంగ్లండులో ప్రచురణకర్త దొరకలేదు. చివరకు 1828లో అమెరికాలో యాన్ అమెరికన్ డిక్షనరీ ఆఫ్ ది ఇంగ్లీష్ లాంగ్వేజ్ రెండు సంపుటాలుగా వెలువడింది. అందులో సుమారు 70,000 పదాలు ఉన్నాయి. తొలి ముద్రణ 2,500 ప్రతులు. వెల 20 డాలర్లు. సామాన్యులకు అది అందుబాటులో ఉండే వెల కాదు. స్కంక్, హికరీ, స్క్వాష్ వంటి అమెరికన్ జంతువుల, చెట్ల, కాయగూరల పేర్లకు ఇందులో స్థానం లభించింది. కాంగ్రెస్, సెనేట్ వంటి పదాలకు అమెరికా రాజ్యాంగాన్ని అనుసరించి అర్థాలు ఇచ్చాడు. విజ్ఞానశాస్త్ర పదాలను కూడా విరివిగా చేర్చాడు.

గుణదోషాలు

వెబ్‌స్టర్ నిర్వచనాలు స్పష్టతకూ, సూక్ష్మ భేదాలను చూపడానికీ ప్రసిద్ధి చెందాయి. ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు సంపాదకుడు జేమ్స్ ముర్రే కూడా నిర్వచనంలో ఇతని ప్రతిభను మెచ్చుకున్నాడు.

పదాల వ్యుత్పత్తిలో మాత్రం ఇతడు దెబ్బతిన్నాడు. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషల బంధుత్వాన్ని ప్రకటించాడు. ఆ బాటలో జర్మన్ పండితులు తులనాత్మక భాషాశాస్త్రాన్ని అభివృద్ధి చేశారు. వెబ్‌స్టర్ ఆ పరిశోధనలను పట్టించుకోక, బైబిల్ కథనాన్ని అనుసరించి అన్ని భాషలూ కల్దీయ భాష నుండి వచ్చాయని విశ్వసించాడు. ధ్వని పోలికలను బట్టి పదాలకు చుట్టరికాలు కట్టాడు. పది సంవత్సరాల ఆ శ్రమలో ఎక్కువ భాగం వృథా అయింది. 1864 ముద్రణలో జర్మన్ పండితుడు మాన్ ఈ వ్యుత్పత్తులను తొలగించి కొత్తవి రాశాడు.

వ్యక్తిగత జీవితం, చివరి దినాలు

1789 అక్టోబరు 26న వెబ్‌స్టర్ రెబెకా గ్రీన్‌లీఫ్‌ను వివాహమాడాడు. వీరికి ఎనిమిది మంది సంతానం. ఇతడు క్రమశిక్షణ గలవాడు, పట్టుదల గలవాడు, విమర్శను సహించలేనివాడు. 1829లో వెలువడిన సంక్షిప్త నిఘంటువులో జోసెఫ్ వూస్టర్, అల్లుడు చాన్సీ గుడ్‌రిచ్ కలిసి కొన్ని వర్ణక్రమాలను పాత పద్ధతికి మార్చడం అతనికి నచ్చలేదు. వూస్టర్ 1830లో సొంత నిఘంటువు ప్రచురించగా, అది తన గ్రంథం నుండి గ్రహించినదని వెబ్‌స్టర్ ఆరోపించాడు. ఇద్దరి నిఘంటువుల పోటీ వెబ్‌స్టర్ మరణానంతరం కూడా చాలాకాలం సాగింది.

నిఘంటువు రెండవ ముద్రణ కోసం వెబ్‌స్టర్ తన ఇంటిని కుదువపెట్టాడు. తన చదువు కోసం తండ్రి పొలాన్ని కుదువపెట్టిన ఆరు దశాబ్దాల తరువాత జరిగిన సంగతి ఇది. 1841లో వెలువడిన ఆ ముద్రణ కూడా ఆశించినట్లు అమ్ముడుపోలేదు. 1843 మే 28న న్యూ హేవెన్‌లో వెబ్‌స్టర్ మరణించాడు. అక్కడి గ్రోవ్ స్ట్రీట్ శ్మశానవాటికలో అతనిని సమాధి చేశారు.

మరణానంతరం

వెబ్‌స్టర్ మరణించిన తరువాత స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చెందిన జార్జ్ మెరియం, చార్లెస్ మెరియం సోదరులు నిఘంటువు అమ్ముడుపోని ప్రతులను, ప్రచురణ హక్కులను కొనుగోలు చేశారు. 1847లో దానిని ఒకే సంపుటంగా ముద్రించి ఆరు డాలర్లకు అమ్మారు. అప్పుడు ఆ గ్రంథం పాఠశాలలకూ, ఇళ్ళకూ చేరింది. ఆ సంస్థే మెరియం-వెబ్‌స్టర్. వెబ్‌స్టర్ జన్మించిన ఇల్లు వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో ప్రదర్శనశాలగా ఉంది.

1925లో అమెరికాలో ప్రారంభమైన జాతీయ స్పెల్లింగ్ బీ పోటీకి మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు ప్రామాణికం. 1985లో మొదటిసారిగా భారతీయ సంతతి బాలుడు ఈ పోటీలో గెలుపొందాడు. 1999 తరువాత విజేతలలో ఎక్కువ మంది భారతీయ సంతతి పిల్లలే. వారిలో తెలుగు కుటుంబాలవారు కూడా ఉన్నారు.

భారతీయ విద్యార్థులు, రెండు వర్ణక్రమాలు

భారతదేశానికి ఆంగ్లం బ్రిటిష్ వారి ద్వారా వచ్చినందున మన పాఠ్యపుస్తకాలు బ్రిటిష్ వర్ణక్రమాన్నే అనుసరిస్తాయి. కంప్యూటర్ల రాకతో అమెరికన్ వర్ణక్రమం కూడా పరిచయమైంది. కలర్ పదంలో 'యు' రాస్తే, అమెరికన్ ఆంగ్లానికి అమర్చిన కంప్యూటరు దాని క్రింద ఎర్రగీత చూపుతుంది. వెబ్ పేజీల రూపకల్పనలో రంగును తెలిపే ఆదేశంలో 'యు' ఉండదు. ఇది తప్పొప్పుల సమస్య కాదు. జాన్సన్, వెబ్‌స్టర్‌ల సంప్రదాయాల మధ్య భేదం మాత్రమే. రెండూ సరైనవే కానీ, ఒకే రచనలో రెండింటినీ కలపడం మంచిది కాదు.

వెబ్‌స్టర్ సంస్కరణలు తొలగించని చిక్కులు రెండు దేశాలకూ ఉమ్మడివి. రిసీవ్‌లో 'ఇ' ముందా 'ఐ' ముందా అన్న సందేహం, సెపరేట్ నడుమ 'ఎ' బదులు 'ఇ' రాయడం, అకామడేట్‌లో 'సి', 'ఎం'లు రెండేసి ఉన్న సంగతి మరచిపోవడం అన్నిచోట్లా కనిపించే పొరపాట్లే. ప్రధానాచార్యుడు అనే అర్థం గల ప్రిన్సిపల్ చివర 'ఎ-ఎల్', సూత్రం అనే అర్థం గల ప్రిన్సిపల్ చివర 'ఎల్-ఇ' వస్తాయి. కదలని అనే అర్థం గల స్టేషనరీలో 'ఎ', రాతసామగ్రి అనే అర్థం గల స్టేషనరీలో 'ఇ' ఉంటాయి. ఇటువంటి జంటలకు సంస్కరణ మార్గం చూపలేదు. 1783లో గోషెన్ ఉపాధ్యాయుడు చేసినట్లు వాటిని పక్కపక్కన ఉంచి, అర్థంతోపాటు నేర్చుకోవడమే మార్గం.

ఇవి కూడా చూడండి

* శామ్యూల్ జాన్సన్
* బెంజమిన్ ఫ్రాంక్లిన్
* ఆంగ్ల భాష
* నిఘంటువు